రెండు రోజుల సిటీ ట్రిప్: తిండి ముందా, కొండ ముందా?

ప్రశ్న: శని, ఆదివారాలు ఒక సిటీలో ఉంటాం. అక్కడి వంటకాలు తినాలి, దగ్గర్లోని కొండా ఎక్కాలి. ఏ రోజు ఏది పెట్టుకోవాలండీ?

జవాబు 1: శనివారం పొద్దున్నే కొండ పెట్టుకోండి. వాన పడితే ఆదివారం చేతిలో ఉంటుంది. కొత్త వంటకాలు, ముఖ్యంగా కారం, నూనె ఎక్కువున్నవి, దిగొచ్చాకే తినండి. దారి మధ్యలో కడుపు పాడైతే చేసేదేమీ ఉండదు.

జవాబు 2: దూరం ఒక్కటే చూసి టైం లెక్కేయకండి. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: సుమారు 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. 10 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే 3 గంటలు. ఇందులో ఆగి కూర్చునే టైం లేదు, కాబట్టి నాలుగున్నర వేసుకోండి.

జవాబు 3: చివరి బస్సు టైం ముందే కనుక్కుని, ఎన్నింటికల్లా వెనక్కి తిరగాలో దాన్నిబట్టి తేల్చుకోండి. శిఖరం కనబడుతున్నా సరే, ఆ టైంకి తిరగాల్సిందే. నీళ్లు గంటకు అర లీటరు, ఎండైతే ఇంకా ఎక్కువ. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సిగ్నల్ లేనిచోట టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ అయిపోతుంది. జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు.