గ్రనాడాలో డ్రింకుతో వచ్చే ఫ్రీ తపాలతోనే రాత్రి భోజనం కానిస్తే తప్పా?

బెజవాడ_బాటసారి:
వచ్చే నెల నేనూ మా తమ్ముడూ స్పెయిన్ వెళ్తున్నాం, అందులో మూడు రాత్రులు గ్రనాడాలో. తిండికి మనిషికి రోజుకు 20 యూరోలు దాటకూడదనుకున్నాం. అక్కడ బార్లో ఏ డ్రింకు తీసుకున్నా చిన్న ప్లేటులో తినడానికి ఏదో ఒకటి పెడతారట, దాన్నే తపా అంటారట, దానికి వేరే డబ్బులుండవట. గ్లాసు 3 యూరోలనుకున్నా మూడు గ్లాసులకి 9 యూరోల్లో పూట గడిచిపోతుందని నా లెక్క. మా పెద్దమ్మ కూతురు మాత్రం "అవి మొగుడూ పెళ్లాం నడుపుకునే చిన్న కొట్లు, వాళ్లు పెట్టేదాంతో కడుపు నింపుకుని వస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే" అంటోంది. అక్కడ ఉన్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

మాడ్రిడ్_మావయ్య:
మీ అక్క మాటే నా మాట. పోయిన వేసవిలో గ్రనాడాలో కళ్లారా చూశా. పట్టుమని నాలుగు టేబుళ్లు లేని బార్లో ఎనిమిది మంది కుర్రాళ్లు, మనవాళ్లే, రెండు టేబుళ్లు కలిపేసుకుని తలా ఒక కోక్ చెప్పారు. తపా వచ్చింది, తిన్నారు, గంటన్నర కూర్చున్నారు. రోజూ వచ్చేవాడిలా ఉన్న ఒక పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి వెనక్కి వెళ్లిపోయాడు. ఓనరమ్మ ఒక్క మాట అనలేదు. నాకే తల కొట్టేసినట్టయింది.

డబ్బు తక్కువుంటే మధ్యాహ్నం "మెనూ దెల్ దియా" తినండి. రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగడానికి ఏదైనా, చివర్లో తీపి లేదా కాఫీ, అన్నిటికీ కలిపి ఒకే రేటు. 12 నుంచి 15 యూరోల్లో హాయిగా దొరుకుతుంది. 1960లలో టూరిస్టుల కోసమని ప్రభుత్వం మొదలుపెట్టించింది, ఇప్పుడు పనికెళ్లేవాళ్లు తినేదీ అదే.

గ్రనాడా_చదువు:
మావయ్యగారూ, ఆ పిల్లలు చేసింది తప్పే. అయితే వాళ్లు తిన్న తపా ఆమెకు బరువు కాలేదు, గంటన్నర పట్టుకు కూర్చున్న ఆ రెండు టేబుళ్లు బరువయ్యాయి. రెండేళ్లు అక్కడే మాస్టర్స్ చేశాను, నెలాఖర్లో ఈ తపాలే నన్ను కాపాడాయి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

వాళ్లు ఊరికే పెట్టడం లేదు. ఆ ప్లేటు ఖర్చు గ్లాసు రేటులోనే ఉంటుంది. మన బార్లలో గ్లాసు పక్కన శనగ గుగ్గిళ్లు పెట్టినట్టే, కాకపోతే అక్కడ వంటింట్లోంచి వేడివేడిగా వస్తుంది. గ్రనాడా, అల్మెరియా, హాయెన్, ఉత్తరాన లెయోన్, ఈ ఊళ్లలో ఇది మామూలే. ఇదే ధైర్యంతో సెవిల్లాలోనో బార్సిలోనాలోనో ప్లేట్లు చెప్పారంటే మాత్రం ప్రతిదానికీ బిల్లు పడుతుంది.

రియలేహో పేటలో నేను వెళ్లే బార్ మన ఇళ్లలో హాలంత ఉంటుంది. పదిమంది నిలబడితే కౌంటరు నిండిపోయినట్టే. ఓనరు బీరు పంపు దగ్గరి నుంచి కదలకుండా లోపలికి "రెండు మొదటివి!" అని కేకేస్తాడు. అంటే ఇద్దరికి మొదటి రౌండు తపా. మొదటిది వేయించిన వంకాయ చక్రాలు, మీద సన్నటి ధారగా చెరకుపాకం. రెండో గ్లాసు చెప్తే "రెండోవి!" అంటాడు, ఈసారి చిన్న మట్టి గిన్నెలో పప్పు పులుసు లాంటిది వస్తుంది. ఏం రావాలో మనం ఎంచుకోం, ఆయన ఇష్టం. ఎవరు ఎన్నో గ్లాసులో ఉన్నారో కాగితం మీద పెట్టడు, బుర్రలోనే ఉంటుంది. మీరు రెండో గ్లాసు చెప్పాలనే ఆయన కోరిక, అందుకే రెండో ప్లేటు మొదటిదానికంటే బాగుంటుంది.

కాబట్టి బాటసారిగారూ, ఇద్దరే కదా, మొహమాటపడకుండా వెళ్లండి. కౌంటరు దగ్గర నిలబడండి, బయట టేబుల్ అయితే చాలాచోట్ల రేటు కూడా ఎక్కువే. "కానా" అడిగితే చిన్న గ్లాసు బీరు ఇస్తారు, దాదాపు 200 మిల్లీలీటర్లు. తిన్నాక గ్లాసు ముందు పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చోకండి. తొమ్మిది దాటితే ఊరివాళ్లు వస్తారు, అప్పటికి చోటు ఖాళీ చేస్తే ఆయనకూ సంతోషమే.

తిరుపతి_శాకాహారి:
మేం మందు ముట్టం, మాంసం తినం. మాలాంటివాళ్లు ఆ గుమ్మం ఎక్కచ్చా?

గ్రనాడా_చదువు:
నిక్షేపంగా ఎక్కచ్చక్కా. "మోస్తో" అని ద్రాక్షరసం ఉంటుంది, గ్యాస్ నీళ్లు ఉంటాయి, చాలాచోట్ల వాటికీ తపా వస్తుంది. 2022 చట్టం ప్రకారం కుళాయి నీళ్లు ఊరికే ఇవ్వాలి, కానీ నీళ్లు మాత్రమే తాగి తపా ఆశించకూడదు. డ్రింకు చెప్పేటప్పుడే "సోయ్ వెహెతారియానా" అనండి, ప్లేటు వచ్చాక చెప్తే ఇబ్బంది. "మాంసం వద్దు" అంటే సరిపోదు, ఎండబెట్టిన పంది మాంసం హామోన్‌ను కొందరు మాంసం లెక్కలో వేసుకోరు. సాల్మొరెహో అనే చల్లటి టమాటా సూపు మీద కూడా గుడ్డుతో పాటు అదే చల్లుతారు. సెవిల్లా వెళ్తే పాలకూర, శనగలు కలిపి వండింది అడగండి, కమ్మగా ఉంటుంది.

మాడ్రిడ్_మావయ్య:
గ్లాసు రేటులోనే ఉందన్నది ఒప్పుకుంటానమ్మా. కానీ మూడు బార్లలో మూడు గ్లాసులు తాగి వచ్చేయడం నాకింకా నచ్చడం లేదు. ఒక్కచోటైనా డబ్బిచ్చి ఏదో ఒకటి తినాలి. "మెదియా రాసియోన్" అంటే సగం ప్లేటు, ఇద్దరికి సరిపోతుంది. సెవిల్లాలో 1670 నాటి ఎల్ రింకోన్సియో ఉంది, మనం తిన్నదంతా చెక్క కౌంటరు మీదే సుద్దముక్కతో లెక్క వేసి, డబ్బివ్వగానే తుడిచేస్తారు. అలాంటి కొట్లు నిలబడాలంటే ఆ సుద్ద గీతలు ఒకటి రెండు ఎక్కువ పడాలి. అక్కడక్కడే టూరిస్టు రెస్టారెంట్లుగా మారిపోయిన పాత బార్లు చూశా, బాధేస్తుంది.

బెజవాడ_బాటసారి:
మావయ్యగారూ, ఆ మాట పట్టింది. ఒక బార్లో రెండు రౌండ్లు, తర్వాత అక్కడే సగం ప్లేటు కొని ఇద్దరం పంచుకుంటాం. 20 యూరోల్లోనే సరిపోతుంది, లెక్క వేశా. మా అక్కకి ఇదంతా చదివి వినిపించా, సగం ప్లేటు దగ్గర మెత్తబడింది. మొదటి రాత్రి రియలేహోకే వెళ్తాం. ఏడింటికి తీసి ఉంటాయా?

గ్రనాడా_చదువు:
ఎనిమిదికి వెళ్లండి. ఆదివారం రాత్రి, సోమవారం కొన్ని మూసేస్తారు, అది చూసుకోండి.