అప్‌డేట్: కంటైనర్‌లో వైర్‌గార్డ్ మాడ్యూల్ సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, బెంగళూరులో మా ఆఫీసు టెస్ట్ సర్వర్‌లో వైర్‌గార్డ్ (వీపీఎన్ సాఫ్ట్‌వేర్) కంటైనర్ (మిగతా సిస్టమ్‌కు విడిగా ప్రోగ్రామ్ నడిచే డబ్బా లాంటిది) లేవడం లేదని, లోపల మాడ్యూల్ లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్ కొడితే మాడ్యూల్ (కెర్నల్‌కు జతయ్యే కోడ్) దొరకలేదంటోందని. ఇప్పుడు నడుస్తోంది.

నా పొరపాటు ఏంటంటే, కంటైనర్ లోపల కెర్నల్ (లినక్స్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. ఒకరు "లోపలా బయటా యూనేమ్ కొట్టి చూడు" అన్నారు. అది కెర్నల్ వెర్షన్ చూపే కమాండ్. రెండు చోట్లా అదే వెర్షన్! కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు, హోస్ట్‌దే, అంటే అది నడిచే అసలు సర్వర్‌దే వాడుకుంటుంది. లోపల ఏ కెర్నల్ ప్యాకేజీ పెట్టినా దండగే.

మాడ్యూల్ ఫైళ్లుండే హోస్ట్‌లోని లిబ్ మాడ్యూల్స్ డైరెక్టరీని కంటైనర్ లోపల కనబడేలా రీడ్ ఓన్లీగా మౌంట్ చేశాను. ఎర్రర్ మారింది: ఈసారి అనుమతి లేదంది. ఫైలు కనబడటం వేరు, దాన్ని కెర్నల్‌లోకి ఎక్కించే హక్కు వేరు. ఆ హక్కు సిస్ మాడ్యూల్ అనే కేపబిలిటీతో (కంటైనర్‌కు విడిగా ఇచ్చే అనుమతి) వస్తుంది. కానీ అదిస్తే కంటైనర్ హోస్ట్ కెర్నల్‌లోకి ఏ కోడ్‌నైనా ఎక్కించగలదు. ఇలాంటి హక్కులన్నీ ఒకేసారి ఇచ్చే ప్రివిలేజ్డ్ మోడ్ పెట్టేయమన్నవాళ్ల మాట అందుకే వినలేదు, మీరూ వినకండి.

చివరికి హోస్ట్‌లోనే మాడ్యూల్స్ లోడ్ డాట్ డి ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, అందులో వైర్‌గార్డ్ అని ఒకే లైను రాశాను. బూట్ అవ్వగానే లోడ్ అవుతోంది. కంటైనర్‌కు నెట్‌వర్క్ సెట్టింగ్‌లు మార్చే నెట్ అడ్మిన్ కేపబిలిటీ ఒక్కటే ఇచ్చాను, మౌంట్ తీసేశాను. నిన్న సర్వర్ రీబూట్ చేసి చూశాను, వీపీఎన్ టన్నెల్ (కనెక్షన్) దానంతటదే లేచింది. టెన్షన్ పోయింది. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా.