మూతి వంకరకు కరెంటు పెట్టించాలా, వద్దా?

కర్నూలు కోడలు:
మా మామగారికి అరవై దాటాయి, షుగరు ఉంది. పోయిన వారం పొద్దున్నే నీళ్లు పుక్కిలిస్తుంటే కుడివైపు నుంచి కారిపోయాయి. కుడి కన్ను మూతపడటం లేదు. మర్నాడే చూపిస్తే డాక్టరు బెల్స్ పాల్సీ (ముఖం నరం దెబ్బతిని ఒకవైపు చచ్చుబడటం) అని చెప్పి స్టెరాయిడ్ మాత్రలు రాశారు, మెషీన్‌తో ముఖానికి కరెంటు పెట్టించడం అక్కర్లేదన్నారు. మా వీధి చివరి ఫిజియోథెరపీ సెంటర్ వాళ్లేమో వెంటనే కరెంటు పెట్టకపోతే మూతి అలాగే నిలిచిపోతుందంటున్నారు. ఆడపడుచుదీ అదే మాట. ఎవరిని నమ్మాలి?

కడప మాస్టారు:
పెట్టించండమ్మా. నాకూ ఇదే వచ్చింది. కరెంటుతోనే తగ్గింది. ఇప్పుడు ఈల కూడా వేస్తున్నాను.

అనంతపురం ఫిజియో:
మాస్టారూ, తగ్గింది సరే, కరెంటుతోనే తగ్గిందని ఎలా తేల్చారు? డెన్మార్క్‌లో పీటర్సన్ అనే వైద్యుడు ఏ చికిత్సా ఇవ్వకుండా 1,700 మందిని గమనించి 2002లో లెక్క చెప్పారు: 71 శాతం మందికి ముఖం పూర్తిగా మామూలైంది. అందుకే ఈ జబ్బులో పసరు పోసినవారికీ, తాయెత్తు కట్టినవారికీ, మెషీన్ పెట్టే మాకూ మంచి హస్తవాసి ఉన్నట్టే కనిపిస్తుంది! రుజువున్నది స్టెరాయిడ్‌కే, అదీ 72 గంటల్లోపు మొదలుపెడితే. 2007 నాటి స్కాట్లండ్ పరీక్షలో మూడు నెలలకు ఆ మాత్రలు వాడినవారిలో 83 శాతం, వాడనివారిలో 64 శాతం మంది కోలుకున్నారు. కరెంటుకు అలాంటి గట్టి రుజువు లేదని 2011లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి తూచే నివేదిక) తేల్చింది.

కడప మాస్టారు:
మరి నరం పనిచేయకపోతే కండరం ఎండిపోదా? కరెంటు పెడితే నా చెంప ఎగిరేది, కళ్లారా చూశాను.

అనంతపురం ఫిజియో:
అసలు కిటుకు అక్కడే ఉంది. సెంటర్లలో ఎక్కువగా ఉండే ఫారడిక్ అనే కరెంటు మెషీన్ పల్సు, అంటే ఒక్కో కరెంటు తాకిడి, ఉండేది మహా అయితే ఒక మిల్లీసెకండు (సెకండులో వెయ్యో వంతు). అది కండరాన్ని నరం ద్వారానే కదుపుతుంది. చెంప ఎగిరిందంటే నరంలో ప్రాణం ఉంది, దానంతట అదే కోలుకునే అవకాశం బాగా ఉంది. నరం పూర్తిగా చచ్చుబడితే ఆ పల్సుకు కండరం పలకదు; వంద మిల్లీసెకండ్ల వంటి పొడుగాటి పల్సు కావాలి. ఇంకో తిరకాసు: చాలాసార్లు ఎగిరేది నమిలే కండరం, దాని నరమే వేరు. నెలలు గడిచినా కదలని ముఖాలకు పొడుగాటి పల్సుతో పరిశోధనలు జరుగుతున్నాయి, వాటిని నేను కొట్టిపారేయను. మొదటి వారంలోనే భయపెట్టి పెట్టించడమే నాకు నచ్చనిది.

నంద్యాల రోడ్డు:
ఫిజియోనే కరెంటు వద్దంటే మీకు గిరాకీ ఎలా అమ్మా?

అనంతపురం ఫిజియో:
అద్దం ముందు నెమ్మదిగా చేసే వ్యాయామాలు నేర్పుతాం అన్నా, గిరాకీకేం లోటు లేదు. కర్నూలు చెల్లీ, ముందు కన్ను కాపాడండి. పగలు డాక్టరు రాసిన చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్ప పూర్తిగా మూసి టేపు. మాత్రలతో షుగరు పెరుగుతుంది, రోజూ చూడండి. కనుబొమలు ఎత్తమంటే నుదురు రెండువైపులా ముడతలు పడుతున్నాయా? పడుతుంటే అది మెదడు పక్షవాతం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

కర్నూలు కోడలు:
ఇప్పుడే చూశానక్కా, కుడివైపు నుదురు నున్నగానే ఉంది. టేపు తెప్పిస్తాను. ఆడపడుచు మాత్రం సెంటర్లో ముందే డబ్బు కట్టేసిందట. తిరిగి అడిగితే ఇస్తారా?

కడప మాస్టారు:
అడగండమ్మా, ఇవ్వరు.