సినిమా పేపర్ మొదటి క్లాసులో ఏం చూపించాలి: మాయాబజారా, లూమియేరా?

కొత్త మేడమ్:
ఈసారి డిగ్రీ ఫస్టియర్ జర్నలిజం పిల్లలకు సినిమా పేపర్ నేను చెప్పాలి. నలభై మంది. సగానికి పైగా ఇంటర్ దాకా తెలుగు మీడియమే. సిలబస్‌లో ఉన్నవి బోర్డ్‌వెల్, థాంప్సన్‌ల లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం, 'సిటిజన్ కేన్' అనే పాత అమెరికన్ సినిమా. పోయినేడాది పుస్తకంతోనే మొదలుపెట్టారట, మూడో వారానికి క్లాసులో పన్నెండు మంది మిగిలారు. నాకు టెన్షన్‌గా ఉంది. మొదటి నెల ఏం పెట్టమంటారు?

గోదారిగట్టు:
'మాయాబజార్' పెట్టండి మేడమ్, ఇంకో ఆలోచన వద్దు. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు సావిత్రి నడక, చూపు, నవ్వు గమనించమనండి. కనబడేది ఆడపిల్ల, లోపలున్నది రాక్షసుడు. నటన గురించి పది పేజీలు చదివినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది. మన పిల్లలకు సినిమా నేర్పేటప్పుడు మన సినిమాను వెనక బెంచీలో కూర్చోబెట్టడం నాకు మింగుడు పడదు.

రీలుపెట్టె:
ఆరేళ్ళుగా ఈ పేపర్ చెబుతున్నాను. మొదటి రెండేళ్ళు నేనూ దాంతోనే మొదలుపెట్టాను. 'వివాహ భోజనంబు' రాగానే క్లాసంతా పాట అందుకుంది. లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్తున్నాయి కదా, షాట్ ఎక్కడ మారింది అని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. మరీ తెలిసిన సినిమా కావడంతో కళ్ళు పనిచేయడం మానేస్తాయి.

ఇప్పుడు నా మొదటి క్లాసు, ఫ్రాన్స్‌లో తొలి సినిమాలు తీసిన లూమియేర్ సోదరుల 1895 నాటి చిత్రం. ఫ్యాక్టరీ గేటులోంచి పనివాళ్ళు బయటికొస్తారు, అంతే. నిమిషం కూడా ఉండదు. మాటల్లేవు కాబట్టి మీడియం గొడవ లేదు. రెండుసార్లు చూపించి, ప్రొజెక్టర్ ఆపేసి, గుర్తున్నది కాగితం మీద గీయమంటాను. ఒకరు కుక్కను గీస్తారు, ఒకరు సైకిల్‌ను. పెద్ద గేటు పక్కనున్న చిన్న తలుపు చాలామందికి గుర్తుండదు. తర్వాత దానికే ఉన్న మిగతా రెండు రూపాలూ వేస్తాను. ఒకదాన్లో బండికి ఒక గుర్రం, ఇంకోదాన్లో రెండు, మరోదాన్లో అసలు గుర్రమే లేదు. పోయినేడాది ఒకమ్మాయి లేచి, "అంటే సార్, వాళ్ళను మళ్ళీ మళ్ళీ బయటికి రప్పించారా?" అంది. నిజాన్ని తీయడం, నిజంలా తీయడం గురించి ఆ వారమంతా మాట్లాడుకున్నాం.

గోదారిగట్టు:
బాగుంది సార్, కాదనను. కానీ పాట అడ్డమైతే సౌండ్ ఆపేయండి, సినిమాను ఎందుకు ఆపాలి? అదే పాట మ్యూట్‌లో వేయండి, లడ్డూ లేచిన ప్రతిసారీ చెయ్యెత్తమనండి.

రీలుపెట్టె:
మ్యూట్ సంగతి నాకు తట్టలేదు. ఈసారి చేసి చూస్తాను. అయితే రెండో వారంలోనే. ముందు చూడటం అలవాటు కావాలి. లూమియేర్ మనకు మరీ పరాయివాడూ కాదండీ, ఆ రీళ్ళు 1896 జులై 7నే బొంబాయి వాట్సన్ హోటల్లో ఆడాయి.

నలుపుతెలుపు:
'మాయాబజార్' ఏ ప్రింటు వేస్తారో ఎవరూ అనలేదు. ఇది చిన్న విషయం కాదు. 2010లో వచ్చిన రంగుల ప్రింటుతో దయచేసి లైటింగ్ పాఠం చెప్పకండి. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ 1957లో లైట్లు పెట్టుకున్నది నలుపు తెలుపు ఫిల్మ్ కోసం. 'లాహిరి లాహిరి'లో వెన్నెలంతా ఆ రెంటి మధ్య ఉన్న బూడిద ఛాయల్లోనే ఉంది. రంగులద్దాక అది ఇంకో బొమ్మ. రెండూ చెరో నిమిషం వేసి తేడా రాయించండి, మంచి అసైన్‌మెంట్ అవుతుంది.

'సిటిజన్ కేన్' కూడా మొత్తం అక్కర్లేదు. గదిలో తల్లి కాగితాల మీద సంతకం పెడుతుంటే కిటికీలోంచి బయట మంచులో ఆడుకుంటున్న పిల్లాడు కనిపిస్తాడు చూడండి, ఆ ఒక్క సీను చాలు. దగ్గరున్న తల్లీ, దూరంగా ఉన్న కొడుకూ ఇద్దరూ స్పష్టంగా ఉంటారు. డీప్ ఫోకస్ అన్న మాట ఆ తర్వాత బోర్డు మీద రాయండి. పుస్తకంలోని పేజీలు అప్పుడు ఇస్తే చదువుతారు. ఇంగ్లిష్ పదాలు మాత్రం వదలొద్దు, పరీక్షలో అవే అడుగుతారు.

కొత్త మేడమ్:
అందరికీ థాంక్స్. మొదటి వారం ఫ్యాక్టరీ గేటు, రెండో వారం మ్యూట్‌లో లడ్డూలు, తర్వాత రెండు ప్రింట్లు. మంచు సీను నాలుగో వారానికి పెట్టుకున్నాను, పుస్తకం ఆ రోజే తెరుస్తాం. మా క్లాస్‌రూమ్ కిటికీలకు కర్టెన్లు లేవు, పగటి వెలుగులో ఆ బూడిద ఛాయలు తెర మీద ఆనవు. సోమవారంలోగా నల్లగుడ్డ కట్టించాలి.