క్లే మిట్ రుద్దాక బానెట్ మసకబారింది. బార్ కొనాలా, టవల్ కొనాలా?

కొత్తచక్రం: పొద్దున్నుంచి దీంతోనే ఉన్నాను. నాలుగు గంటలైంది, భుజాలు పడిపోయాయి. కారు శుభ్రంగా కడిగాక కూడా బానెట్ మీద, టాప్ మీద చెయ్యి పెడితే ఇసుక చల్లినట్టు గరుకుగా తగులుతోంది. క్లే మిట్, అంటే పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగే చేతి తొడుగు, తెచ్చి రుద్దాను. గరుకు సగమే పోయింది. పైగా ఇప్పుడు బానెట్ పొగ పట్టినట్టు మసగ్గా ఉంది, ఎండలోకి తెస్తే సన్నటి గీతలు. ఒకరు క్లే ముద్ద, అదే బార్ అంటారు, ఒకరు క్లే టవల్ అంటారు, ఇంకొకరు మెషీన్‌కి తగిలించే ప్యాడ్ అంటారు. ఏది కొనాలో ఒక్క మాట చెప్పండి, పుణ్యముంటుంది.

రెండోగేరు: మిట్ ఏ గ్రేడ్, అంటే ఎంత గరుకుది? జారడానికి లూబ్రికెంట్ ఏం వాడారు? కారు రంగు?

నిదానమే: క్లే గురించి తర్వాత మాట్లాడుకుందాం. అసలు ముందు ఐరన్ రిమూవర్ కొట్టారా? ఎవరూ ఆ పని చెయ్యరు, నేరుగా క్లే పట్టుకుంటారు. బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను వేడిగా వచ్చి పెయింట్‌లో దిగబడి తుప్పు పడుతుంది. దాన్ని క్లేతో లాగితే అదే రజను బంకకు అంటుకుని పక్క పెయింట్‌ని గీస్తుంది. ఐరన్ రిమూవర్ కొడితే ఇనుముతో కలిసి ఊదా రంగులో కారుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, భయపడొద్దు. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు కొట్టి, ఆరిపోకముందే కడిగెయ్యాలి. తారు మచ్చలుంటే దానికి టార్ రిమూవర్ వేరే. మందుతో పోయేదాన్ని మందుతో పోగొట్టి, మిగిలినదానికే క్లే. ఈ వరస తప్పితే ఏ బార్ కొన్నా ఒకటే.

పాతషెడ్డు: చిన్న సవరణ. మిట్‌ని క్లే అనడమే తప్పు. అది మైక్రోఫైబర్ మీద అతికించిన రబ్బరు పొర. క్లే అంటే బారే.

నిదానమే: ఆ లెక్కన బార్ కూడా మట్టి కాదు కదండీ. సింథటిక్ రెసిన్‌లో మెత్తటి రాపిడి పొడి కలిపిన ముద్ద.

పాతషెడ్డు: పిసికితే సాగుతుంది, మడిస్తే కొత్త ముఖం వస్తుంది. మిట్‌కి ఆ గుణం లేదు. నా అభ్యంతరం పేరు గురించి కాదు, ఆ పేరు చూసి రెంటినీ ఒకేలా వాడేస్తున్నారు. బార్‌కి పట్టిన మురికి మడతలోకి వెళ్లిపోతుంది. మిట్‌కి పట్టింది పైనే ఉంటుంది, రెండు మూడు రుద్దులకోసారి నీళ్లలో జాడించకపోతే అదే మళ్లీ పెయింట్ మీదికి.

కొత్తచక్రం: కారు నలుపు. మిట్ మీడియం అని రాసుంది. లూబ్రికెంట్ అంటే ప్రత్యేకంగా ఏం లేదు, మిట్‌ని నీళ్లలో తడిపి రుద్దాను.

రెండోగేరు: ఉత్త నీళ్లు చాలవు. మసక అందుకే.

వారాంతం: నలుపు మీద కొత్త మీడియం మిట్, ఉత్త నీళ్లు. ఏ కారైనా మసకబారుతుంది, మీ చెయ్యి తప్పు కాదు. మీరడిగింది ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. నలుపుకి ఫైన్ గ్రేడ్ బార్ తీసుకోండి. పని నిదానం, కానీ పెయింట్ మీద దయగా ఉంటుంది. అద్దాల అంచులు, డోర్ హ్యాండిల్ గుంటల్లో ముద్ద ఒదిగినట్టు టవల్ ఒదగదు. మొత్తం వాడొద్దు, అరచేతిలో సగం పట్టే ముక్క తుంచి బిళ్లలా నొక్కండి. కింద పడితే పారెయ్యాల్సిందే, అందుకే ముక్క. టవల్, మిట్ పడినా కడుక్కుని వాడొచ్చు, వాటికున్న పెద్ద లాభం అదీ, వేగమూ. కొత్త మిట్‌ని ముందు తడి విండ్‌షీల్డ్ మీద కాసేపు తిప్పి, పై పొర మెత్తబడ్డాక పెయింట్ మీదికి తేవాలి. మెషీన్ ప్యాడ్ జోలికి ఇప్పుడు వద్దు. లూబ్రికెంట్ ధారాళంగా కొట్టండి, బార్ జారాలి, పట్టి లాగకూడదు. రెండడుగుల చతురస్రం, నిలువుగా, అడ్డంగా, బరువు వెయ్యకుండా. అయ్యాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడిగి వేళ్లతో తడిమి చూడండి, ఉత్త చేతికి తెలియనిది దాంతో తెలుస్తుంది.

నిదానమే: ఐరన్ రిమూవర్ తర్వాతే.

వారాంతం: అవును, తర్వాతే.

పాతషెడ్డు: పెయింట్ మీద సెరామిక్ కోటింగ్, అంటే కాపాడే గట్టి పొర, ఉందా? ఉంటే క్లేతో దెబ్బతింటుంది. వ్యాక్స్ ఉన్నా లేచిపోతుంది, మళ్లీ వెయ్యాలి.

కొత్తచక్రం: కోటింగ్ లేదు. పక్కింట్లో రెండు వారాలు గేటు, గ్రిల్ పని జరిగింది, గ్రైండర్ రోజంతా తిరిగింది. కారు గోడ పక్కనే ఉంటుంది. అది కారణమవుతుందా?

రెండోగేరు: అదే కారణం. మొదటి పోస్టులో రాయాల్సింది.

కొత్తచక్రం: ఐరన్ రిమూవర్ కొట్టాను. టాప్ అంతా ఊదా ధారలు! రెండుసార్లు కొట్టి, ఫైన్ బార్ తిప్పితే టాప్ గాజులా అయింది. బానెట్ మసక మాత్రం అలాగే ఉంది.

నిదానమే: చాలా సంతోషం. మసక క్లేతో పోదు, దానికి పాలిష్ పట్టాలి. పాలిష్ అంటే వ్యాక్స్ కాదు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. రంగు మీదుండే పారదర్శక పొరని, అదే క్లియర్ కోట్‌ని, పల్చగా అరగదీసేది పాలిష్. మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్, ముందు ఒక మూల పరీక్షించండి.

వారాంతం: బానెట్ ఎప్పుడైనా మళ్లీ పెయింట్ వేయించారా? టాప్ మీద పడని గీతలు దాని మీదే ఎందుకు పడ్డాయా అని అడుగుతున్నా. రీపెయింట్ మెత్తగా ఉండొచ్చు. పెయింట్ మందం కొలవకుండా పాలిష్ పట్టకండి.

కొత్తచక్రం: సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, పాత ఓనర్‌ని కనుక్కోవాలి. అందరికీ థాంక్స్, కారు లోపల పెట్టేస్తున్నా, మబ్బు పట్టింది.