ఇది కావన్‌సైటా, పెంటగోనైటా? విలువ ఎలా కట్టాలి?

ఖనిజాల సేకరణలో అనుభవం ఉన్నవాళ్లు దయచేసి సాయం చేయండి. మా పెదనాన్నగారి సేకరణ నుంచి నాకొక నమూనా వచ్చింది. తెల్లటి స్టిల్‌బైట్ అనే ఖనిజం మీద ముదురు నీలం స్ఫటికాలు. పాత చీటీలో "వాఘోలి క్వారీ, పుణె" అని ఉంది గానీ ఖనిజం పేరు లేదు.

అక్కడ కావన్‌సైట్, పెంటగోనైట్ అనే నీలం ఖనిజాలు రెండూ దొరికాయి. రెండింటి రసాయన సూత్రం ఒకటే, లోపల అణువుల అమరికే వేరు. కాబట్టి మూలకాల పరీక్ష చేయించినా తేడా తెలియదు. కావన్‌సైట్ ఎక్కువగా గుండ్రటి గుత్తులుగా పెరుగుతుంది. నా దాంట్లో గుత్తుల్లేవు, విడివిడిగా సన్నటి పుల్లల్లా ఉన్నాయి. లెన్సుతో చూస్తే ఒకదాని కొన ఐదు కోణాల నక్షత్రంలా కనిపిస్తోంది! అలా ఐదు కలిసి పెరగడం అరుదైన పెంటగోనైట్ లక్షణమని చదివినప్పటి నుంచి ఒకటే ఆత్రం.

ఆ నక్షత్రం ఒక్కటి చూసి నిర్ధారించవచ్చా, రామన్ పరీక్ష (లేజర్ కాంతితో ఖనిజాన్ని గుర్తించేది) తప్పదా? లోపలి అమరికను చూపే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షకైతే మామూలుగా పొడి చేయాలి. స్ఫటికాలు అసలే పెళుసు, ఒక్కటి పోయినా నాకు బాధే.

ఒక అంచున రెండు స్ఫటికాలు విరిగి ఉన్నాయి. పెంటగోనైటే అయితే దీనివల్ల ధర బాగా పడిపోతుందా? పాత చీటీ ఉండటం వల్ల విలువ పెరుగుతుందా? జిగురుతో అతికించారేమోనని, చాలా జిగుర్లు మెరుస్తాయి కదా అని అల్ట్రావయొలెట్ లైటు కింద చూశాను, ఎక్కడా మెరవలేదు. ఏ కోణంలో ఫొటోలు కావాలో చెప్పండి, తీసి పెడతాను.