టోర్నీ స్నూకర్ టేబుల్ మీద క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) అడుగు దూరం ఎక్కువ పోతోంది, ఎలా సర్దుకోవాలి?

యూరోపియన్ అమెచ్యూర్ స్నూకర్ ఛాంపియన్‌షిప్‌కి మా జాతీయ సెలెక్షన్ ఇంకా మూడు వారాలే. ఆ ఛాంపియన్‌షిప్ గెలిస్తే ప్రొఫెషనల్ టూర్‌లో రెండేళ్లు ఆడే కార్డు (2012లో స్కాట్ డొనాల్డ్‌సన్, 2013లో రాబిన్ హల్ ఈ దారిలోనే వచ్చారు), అందుకే ఇంత పట్టుదల.

క్లబ్ టేబుల్ క్లాత్ రెండేళ్ల పాతది, కింద హీటర్ లేదు. సెలెక్షన్ టేబుల్‌కి హీటింగ్, కొత్త పల్చటి క్లాత్. అక్కడ బ్లూ బంతి మీద స్టన్ (తెల్ల బంతి దొర్లకుండా జారుతూ వెళ్లి తగిలే షాట్) సరిగ్గానే వస్తోంది. బ్లాక్‌ని పాట్ చేసి (పాకెట్‌లో వేసి), తెల్ల బంతి ఒక కుషన్ (టేబుల్ అంచు రబ్బరు) తగిలి రెడ్స్‌లోకి రావాల్సిన షాట్‌లోనే బంతి అడుగు ఎక్కువ పోతోంది, కోణమూ వెడల్పవుతోంది. అంటే తేడా కుషన్ తగిలాకే.

బ్యాక్‌స్వింగ్ (కర్రని వెనక్కి లాగే దూరం) రెండంగుళాలు తగ్గించాను: బంతి ఆగింది కానీ స్ట్రోక్ గుచ్చినట్టయి పాట్లు పోయాయి. టిప్ (కర్ర కొనకి ఉండే తోలు ముక్క) 10 నుంచి 9.5 మి.మీ.కి మార్చాను: స్పిన్ పెరిగి ఇంకా చెడింది. క్లబ్ క్లాత్‌ని రోజూ బాక్ (ఆట మొదలుపెట్టే చివర) వైపు నుంచి బ్లాక్ వైపుకి బ్రష్ చేసి ఇస్త్రీ చేసినా వేగం పెరిగింది కొద్దిగానే.

నెమ్మది టేబుల్ మీదే ప్రాక్టీస్ చేస్తూ, వేగం కుషన్ల మీద ఈ షాట్ బలాన్ని చేతికి అలవాటు చేసే డ్రిల్ ఏది?